ఏ తూటా కొనాలె అన్నా?

పోయిన దసరా అయిన వారానికి డల్లాస్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు, మా పెద్దతాత మనుమడు, కరీంనగర్ కాక కొడుకు. మామూలుగా ఆదివారం చేస్తాడు, పిల్లలను కెమెరా ముందు నిలబెట్టి "పెదనాయనకు నమస్తే చెప్పుండ్రి" అంటాడు. ఆ రోజు బుధవారం. ఇక్కడ రాత్రి తొమ్మిది దాటింది. కింద సాంచాలు నడుస్తున్నాయి, వాడి మాట వినపడక నేను మిద్దె మీదికి పోయాను.

"అన్నా, ఒకటడుగుత, నవ్వద్దు. మన పెద్దతాతకు తుపాకి ఉండేదట గదా. పందులకు ఏం తూటా వాడేటోడు?"

నవ్వలేదు. నోట మాట రాలేదు.

వాడు చెప్పుకుపోయాడు. ఆఫీసులో దోస్తుకు టెక్సాస్‌లో పల్లెపట్టున పెద్ద పొలం ఉంది. అడివి పందులు గుంపులుగా పడి చేను దున్నిపోతున్నాయి. ఎప్పుడో స్పెయిన్ వాళ్ళు తెచ్చిన పెంపుడు పందులు అడివి పట్టి, తర్వాత వేటకోసం తెచ్చిన యూరప్ అడివి పందులతో కలిసి పెరిగిన సంతానమట అది. పొలం ఆసామి ఒప్పుకుంటే చాలు, వాటిని కొట్టడానికి అక్కడ 2019 నుంచి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. దోస్తు పిలిచాడు, వీడు ఉత్సాహపడి ఒక లీవర్ యాక్షన్ రైఫిల్ కొన్నాడు. మార్లిన్ 336, తూటా .30-30. రైఫిల్ కొనడం సులువే అయిందట. తూటాల అర ముందు నిలబడితే ఇరవై రకాల డబ్బాలు. షాపులో పిల్లగాడు ఒకే ఊపిరిలో మూడు మాటలు చెప్పాడట. వీడు ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు.

"మనింట్ల తుపాకి పట్టింది పెద్దతాత ఒక్కడే. నువ్వు పాత ముచ్చట్లన్నీ రాసిపెడుతున్నవు, నీకు తెలుస్తదేమోనని."

"రెండు రోజులియ్యిరా," అన్నాను.

రెండు రోజులు అడిగింది తూటాల గురించి తెలుసుకోవడానికి మాత్రమే కాదు. మా ఇల్లు సిరిసిల్ల విడిచి భివండికి రావడానికి కారణం ఒక తూటా అని నాకు 2004 నుంచి తెలుసు. ఆ తూటా పేల్చింది వాడి తాత. దాని ఫలితం పడ్డది మా తాత మీద. వాడికి ఆ సంగతి తెలవదు. ఇప్పుడు వాడే వచ్చి, ఏ తూటా కొనాలె అని నన్నే అడుగుతున్నాడు.

ముందు తూటాల సంగతి చెప్తాను. నేను జీవితంలో తుపాకి పేల్చింది కాలేజీలో, ఎన్‌సీసీలో, .22 రైఫిల్‌తో పది రౌండ్లు. అంతకంటే తెలవదు. కానీ మా మేనమామ పుణె దగ్గర ఖడ్కీలో తూటాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏండ్లు పనిచేసి రిటైరైనవాడు. 1869లో ఆంగ్లేయులు పెట్టిన ఫ్యాక్టరీ అది, 2021 నుంచి మ్యునిషన్స్ ఇండియా అనే కంపెనీ కిందికి వచ్చింది. మామకు ఫోన్ కలిపాను. ఆయన మొదటి మాట ఇది: "అల్లుడా, నూలు కొన్నట్టే కొనాలె. మంచి నూలేదని అడుగుతరా ఎవరన్న? ఏ సాంచాకు, ఏ బట్టకు అని అడుగుతరు."

మన ఇండ్లల్లో దీనికంటే ఎక్కువ చెప్పే పనిలేదు. అరవై కౌంటు నూలు ఇరవై కౌంటు కంటే గొప్పదేం కాదు, సన్నది, అంతే. 40 కౌంటు అంటే ఏందని మా బాపు చిన్నప్పుడే నాతో వల్లె వేయించాడు: ఒక పౌను నూలుకు 840 గజాల చిలపలు నలభై వస్తే అది 40 కౌంటు. అంకె పెరిగిన కొద్దీ పోగు సన్నమైతది. చిత్రమేమంటే తుపాకి లెక్క కూడా ఆ పౌను మీదనే పుట్టింది. పెద్దతాతది 12 బోర్ తుపాకి. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లు చేస్తే, ఆ గుండు ఎంత లావుంటుందో ఆ తుపాకి గొట్టం అంత లావు. 16 బోర్ దానికంటే సన్నం. మామ ఈ మాట చెప్పినప్పుడు, నూలు లెక్కా సీసం లెక్కా ఒకే తక్కెడ మీద పుట్టాయా అని నాకు నిజంగా ఆశ్చర్యమైంది.

12 బోర్ తూటాలో ఒక్క గుండు ఉండదు, గోళీలుంటాయి. వాటికీ కౌంటు లాంటి నంబరుంది. నాలుగో నంబరు తూటాలో ఔన్సుకు 170 గోళీలు, సన్న జొన్న గింజలంత. పిట్టలకు, కుందేళ్ళకు అది. ఎల్‌జీ అని రాసి ఉంటే ఔన్సుకు ఆరే ఆరు గోళీలు, పెద్ద శనగ గింజలంత. పందికి, దుప్పికి అది. పైకి చూస్తే రెండు తూటాలూ ఒకే పొడుగు, ఒకే లావు, ఒకే రంగు కాగితపు గొట్టం, కింద ఇత్తడి టోపీ. తేడా తెలిసేది మూతి మీద అతికించిన అట్టబిళ్ళ మీద అచ్చేసిన నంబరుతోనే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

తమ్ముడిది రైఫిల్. ఒక్క గుండే. లీవర్ యాక్షన్ అంటే కౌబాయ్ సినిమాల్లో చూసిందే. కాల్చేవాడు తుపాకి కింద ఉన్న ఇనుప కడియాన్ని ముందుకు తోసి వెనక్కి లాగుతాడు, ఖాళీ ఖోఖా ఎగిరి పడుతుంది, కొత్త తూటా లోపలికి పోతుంది. వాడి మార్లిన్‌లోనూ, వించెస్టర్ 94లోనూ తూటాలు గొట్టం కింద ఉన్న ఇంకో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరుసగా పడుకుంటాయి. అసలు చిక్కంతా అక్కడే.

వెనక తూటా మూతి ముందు తూటా అడుగుకు ఆని ఉంటుంది. ఆ అడుగు మధ్యలోనే ఉంటుంది టోపీ, అంటే దెబ్బ తగిలితే మందు అంటుకునే చోటు. వెనక తూటా మూతి సూది లాగా ఉంటే, తుపాకి పేలినప్పుడు వెనక్కి తన్నే అదురుకు ఆ సూది పోయి టోపీని పొడవవచ్చు. గొట్టంలోనే, చేతి కిందనే పేలవచ్చు. అందుకే ఈ రైఫిళ్ళకు మూతి చదరంగానో గుండ్రంగానో ఉన్న గుండ్లు చేస్తారు. 2000 దశకం మధ్యలో హార్నడీ అనే కంపెనీ మెత్తటి రబ్బరు లాంటి మొన ఉన్న గుండు తెచ్చింది. అది మొనదేలి ఉన్నా నొక్కితే అణిగిపోతుంది, కాబట్టి ఆ గొట్టంలో పెట్టొచ్చు. మిగతా గట్టి మొన గుండ్లు ఎంత దూరం పోయినా, ఎంత చౌకైనా, వాడి తుపాకికి పనికిరావు.

"మరి కెన్నెత్ ఆండర్సన్ లీవర్ తుపాకితోనే గదా పులులను కొట్టింది," అని మామను అడిగాను. ఇంట్లో ఆయన పుస్తకాలున్నాయి. బెంగళూరు మనిషి. 1954లో అచ్చైన మొదటి పుస్తకంలోనే చిత్తూరు జిల్లా చామల లోయలో మనుషులను తిన్న పులి కథ ఉంటుంది. భాకరాపేట, నాగపట్ల పేర్లన్నీ వస్తాయి. ఆయన చేతిలో ఉండేది .405 వించెస్టర్, 1895 మోడల్. అమెరికా అధ్యక్ష పదవి దిగగానే థియొడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు తీసుకుపోయిందీ ఆ రకమే. మామ నవ్వి, "అది వేరేరా. జాన్ బ్రౌనింగ్ ఆ మోడల్‌కు కింద డబ్బా పెట్టిండు. తూటాలు ఒకదాని మీద ఒకటి పేరుస్తరు, మూతి పోయి టోపీకి తగలది. లీవర్ ఉంది గదా అని అన్నీ ఒకటనుకుంటే ఎట్ల? అందుకే ముందు తుపాకి మీద ఏం చెక్కుందో చూడుమను. దాని మీద .30-30 అని ఉంటే .30-30 తప్ప ఇంకోటి ముట్టద్దు," అన్నాడు.

ఆ అంకె అర్థం కూడా చెప్పాడు. మొదటి 30 అంటే గొట్టం లావు, అంగుళంలో వందకు ముప్ఫై వంతులు. రెండో 30 అంటే 1895లో ఈ తూటా వచ్చినప్పుడు పోసిన పొగరాని మందు బరువు, ముప్ఫై గ్రెయిన్లు. గ్రెయిన్ అంటే పౌనులో ఏడువేల వంతు. మళ్ళీ అదే పౌను.

ఇక గుండు బరువు. .30-30కి ఎక్కువగా దొరికేవి 150, 170 గ్రెయిన్లు. 170 అంటే 11 గ్రాములు, తులం బంగారం కంటే ఒక గ్రాము ఎక్కువ. తేలిక గుండు కొంచెం వేగంగా పోతుంది, బరువు గుండు లోపలికి దిగుతుంది. ముదురు మగ పందికి భుజం మీద తోలు కింద డాలు లాంటి గట్టి పొర ఉంటుంది. దాన్ని దాటి గుండె దాకా పోవాలి. పైన రాగి తొడుగు, మూతి దగ్గర సీసం బయటికి కనిపించే మెత్తటి ముక్కు గుండు తగిలినాక పుట్టగొడుగు లాగా విచ్చుకుంటుంది, జంతువు తొందరగా పోతుంది. మొత్తం తొడుగున్న గుండు విచ్చుకోకుండా అటు పక్క నుంచి బయటపడుతుంది. జంతువు పరుగెత్తి ఎక్కడో పొదలో గంటల కొద్దీ చస్తుంది, గుండు ఇంకెవరికో తగులుతుంది. వేటకు అది పనికిరాదు.

సీసం గుండు తగిలిన చోట కంటికి కనపడని తునకలు మాంసంలో చెదురుతాయి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం తూటాలే వాడొద్దన్నారు. పిల్లలు తినే మాంసమైతే పూర్తి రాగి గుండు తీసుకోవడం మంచిది, లేదా గాయం చుట్టూ జానెడు మాంసం కోసి పారేయాలి. అడివి పందికి రోగాలుంటాయి, చేతికి తొడుగులు లేకుండా కోయొద్దు, బాగా ఉడకనిదే తినొద్దు.

ఇవన్నీ కాగితం మీద రాసుకున్నాను. కాగితం చివర మామ చెప్పిన మాట: "రెండు మూడు రకాలు ఒక్కొక్క డబ్బా కొని, ముందు అట్టమీద కొట్టుమను. ఆ తుపాకికి ఏది పడితే అది. ఒకటి ఖాయం చేసుకున్నంక మిగతావి ఇంట్ల ఉంచద్దు. బరువు మారితే గుండు పడే చోటు మారుతది." నేను ఆ చివరి మాట కింద గీత గీశాను. ఎందుకంటే మా తాత కూడా 2004లో అదే అన్నాడు: "ఒక్క సంచిల రెండు రకాలు ఉండద్దురా."

ఇప్పుడు తాత సంగతి.

మా తరం పిల్లలందరికీ తాత ఎడమ కాలు కుంటని తెలుసు. ఎందుకైందంటే ఇంట్లో ఒకటే జవాబు: "భివండికి వచ్చిన కొత్తల సాంచా పట్టా తెగి తాకింది." ఈ ఊళ్ళో పట్టా తగలని ఇల్లు లేదు, ఎవరూ తిరిగి అడగలేదు.

2004లో ఎండకాలం. టోరెంట్ కంపెనీ రాకముందు రోజులు, కరెంటు గంటల కొద్దీ పోయేది. సాంచాలు ఆగితే భివండి ఎట్లుంటుందో ఇక్కడ పుట్టినవాళ్ళకు తెలుసు, చెవులు గుయ్యిమంటాయి. పద్మానగర్‌లో గడప మీద నేనూ తాతా కూచున్నాం. నా కొడుకు చిన్నోడు, తాత కాలు పట్టుకొని "ఏమైంది" అని అడిగాడు. తాత మామూలు జవాబే చెప్పాడు. వాడు ఆడుకోవడానికి పోయినాక, నా దిక్కు చూడకుండా, "పట్టా కాదురా అది," అన్నాడు.

1967. సిరిసిల్ల పక్కన, మానేరు ఒడ్డున మా ఊరు. అప్పుడది కరీంనగర్ జిల్లా. తాత గుంత మగ్గం నేసేవాడు. పెద్దతాతకు నేతతో పాటు నాలుగెకరాల చెలక ఉండేది, మక్క వేసేవాడు. పందులు పడి ఒక్క రాత్రిలో సగం చేను నమిలిపోయేవి. ఆయనకు లైసెన్సున్న ఒంటి గొట్టం 12 బోర్ తుపాకి. 1972 చట్టం రాకముందు మాట ఇది. ఇప్పుడు మన దేశంలో అడివి పందిని అటవీ అధికారుల అనుమతి లేకుండా ముట్టుకుంటే జైలే. లైసెన్సు పుస్తకంలో ఏడాదికి ఎన్ని తూటాలు కొనొచ్చో రాసి ఉండేది, ఆ లెక్క దాటి ఇవ్వరు. కాబట్టి ఉన్నవాటిని బంగారం లాగా దాచుకునేవాళ్ళు. నాలుగైదు ఎల్‌జీలు, పిట్టలకని కొన్ని నాలుగో నంబరువి. అన్నీ ఒకే గుడ్డ సంచిలో.

ఆ రాత్రి అన్నదమ్ములిద్దరూ మంచె మీద ఉన్నారు. నడిజాములో పంది వచ్చింది. ఇరవై అడుగులు కూడా లేదు. పెద్దతాత సంచిలో చెయ్యి పెట్టి ఒక తూటా తీసి నింపాడు. చీకట్లో అట్టబిళ్ళ మీద నంబరు ఎవరికి కనపడుతుంది? వేలితో తడిమితే రెండూ ఒకటే. దెబ్బ తగిలింది. పంది కూలలేదు, అరుచుకుంటూ వాగు దిక్కు పోయింది.

తెల్లారి నలుగురు నెత్తురు జాడ పట్టుకొని పోయారు. తాత ముందు, పెద్దతాత తుపాకితో వెనక. వాగొడ్డు పొదలోంచి పంది ఒక్కసారే లేచి తాత మీదికి వచ్చింది. పెద్దతాత తుపాకి ఎత్తాడు, కానీ నడుమ తమ్ముడున్నాడు. పేల్చలేకపోయాడు. పంది కోర తాత తొడ నుంచి మోకాలి వెనక దాకా చీల్చింది. మిగతా ఇద్దరు గొడ్డళ్ళతో పందిని చంపారు. కోసినప్పుడు తోలు కింద కొవ్వులో జొన్న గింజలంత గోళీలు, పదుల కొద్దీ. ఒక్కటి కూడా లోపలికి దిగలేదు.

తాత బతికాడు. మోకాలి వెనక నరం తెగింది, పాదం లేవదు. గుంత మగ్గానికి రెండు కాళ్ళు కావాలి. ఒక్కో పోగు వేసినప్పుడల్లా కింద తొక్కుడు పలకలు మార్చి మార్చి తొక్కాలి. తరతరాల నేత ఆ ఏడుతో ఆగిపోయింది. భివండిలో కరెంటు సాంచాలున్నాయి, కాళ్ళతో పనిలేదు అని ఎవరో చెప్పారు. తాత, బాపమ్మ, పదిహేడేండ్ల మా బాపు, సికింద్రాబాద్‌లో బొంబాయి రైలెక్కి కళ్యాణ్‌లో దిగారు. సాంచా నడపాలన్నా పన్నెండు గంటలు నిలబడాలని ఇక్కడికి వచ్చినాక తెలిసింది. అప్పుడు తాత కొత్త భీముల పోగులను పాత పోగులకు అతికే పని పట్టాడు. కూచొని చేసేది. వేల పోగులు, ఒక్కొక్కటి రెండు వేళ్ళతో మెలేసి అతకాలి. ముప్ఫై ఏండ్లు అదే చేశాడు.

"మరి పట్టా తగిలిందని ఎందుకు చెప్పిండ్రు తాతా?"

"మా అన్న పేరు పిల్లల నోట్ల పడద్దని. వాడు కావాలని చేసిండా? చీకట్ల చెయ్యి పెట్టిండు, అది వచ్చింది. ఊళ్ళె అందరికి తెలుసు. ఇక్కడెందుకు?" కాసేపాగి, "ఒక్క సంచిల రెండు రకాలు ఉండద్దురా, అంతే," అన్నాడు. అప్పుడే కరెంటు వచ్చింది. సాంచాలు మొదలైనాయి. మళ్ళీ ఆ ముచ్చట ఎప్పుడూ ఎత్తలేదు. తాత పోయాడు, 2015లో బాపు పోయాడు. బాపు కూడా నాతో పట్టా కథే చెప్పాడు చివరిదాకా.

బాపమ్మ సూదులు పెట్టుకునే ఒక కాగితపు గొట్టం ఉండేది, అడుగున ఇత్తడి. అందులోనే దబ్బనం, రెండు గుండీలు. చిన్నప్పుడు దానితో ఆడుకున్నాను. అది ఆ రాత్రి ఖోఖా అని తాత చెప్పినాకనే తెలిసింది. తెల్లారి మంచె కింద దొరికితే పిల్లలకిద్దామని అంగీ జేబులో వేసుకున్నాడట. నెత్తురుతో తడిసిన అంగీ ఉతుకుతుంటే బాపమ్మకు దొరికింది. పారేయలేదు.

రెండు రోజులైనాక తమ్ముడికి ఫోన్ చేశాను. ముందు తూటాల సంగతి మొత్తం చెప్పాను. ఇంకో ప్రశ్న కూడా అడిగాను: "నీకు గ్రీన్ కార్డు వచ్చింది గదా?" వచ్చింది, ఫరవాలేదు. మనవాళ్ళకు చాలామందికి తెలవని సంగతి ఇది. హెచ్-1బి, విద్యార్థి వీసా లాంటి వాటి మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా కేంద్ర చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. కాబట్టి పొలం ఆసామికి లైసెన్సు అక్కర్లేదన్నాడని దోస్తు తుపాకి పట్టుకోవద్దు. ఇంకోటి, వేటకు తీసుకుపోయిన సంచితో ఇండియా విమానం ఎక్కొద్దు. మూలలో మరిచిపోయిన ఒక్క తూటా ఇక్కడి విమానాశ్రయంలో దొరికితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు.

వాడు అన్నీ రాసుకున్నాడు. "మరి పెద్దతాత ఏం వాడేటోడో తెలిసిందా?" అన్నాడు.

అక్కడ ఆగాను. తాత చెప్పద్దన్న మాట ఒక పక్క. తుపాకి కొన్న పిల్లగాడు ఒక పక్క. తాత ఆ మాట చెప్పినప్పుడు ఇంట్లో ఎవరి దగ్గరా తుపాకి లేదు. ఇప్పుడుంది. చెప్పాను. ఎవరి చెయ్యి, ఎవరి కాలు, అన్నీ చెప్పాను. సూదుల గొట్టం ఫొటో కూడా పంపాను.

అవతల చాలాసేపు మాట లేదు. "మీరందరు భివండికి వచ్చింది దానికా?" అన్నాడు చివరికి.

"వచ్చింది దానికే. ఇక్కడ బతికింది దానికి కాదు. తిండి దొరికింది, ఇల్లు కట్టినం, నీ అసుంటి తమ్ముడు ఫోన్ చేస్తుండు. నిన్ను బాధపెట్టనీకి చెప్పలేదురా."

వాడు ఆ తర్వాత నాలుగు శనివారాలు షూటింగ్ రేంజికి పోయాడు. మూడు రకాల డబ్బాలు కొట్టి చూశాడు. వాడి తుపాకికి 170 గ్రెయిన్ల చదరపు మూతి గుండు పడింది. నూరు గజాల దగ్గర మూడు గుండ్లూ అరచేతి లోపల. మిగతావన్నీ రేంజిలోనే కాల్చి అవగొట్టి, ఒకటే రకం ఇంటికి తెచ్చాడు. రేంజిలో ఆనుకొని కొట్టింది వేరు, పొలంలో వేరు అని, ఎనభై గజాలు దాటితే పేల్చనని తనకు తానే హద్దు పెట్టుకున్నాడు.

సంక్రాంతి వారంలో పొలానికి పోయాడు. మొదటి సాయంత్రం పంది కనపడింది, నూటయాభై గజాలు, వెనక దోస్తు లేగదూడలు. వదిలేశాడు. రెండో రోజు తెల్లారి అరవై గజాల్లో ఒకటి అడ్డంగా నిలబడింది. ఒక్క గుండు. ఇరవై అడుగులు పోయి పడింది. "దగ్గరికి పోయి చూసేదాక చేతులు వణికినయన్నా," అన్నాడు. ఆ మాట విన్నాక, ఫొటో ఏదని నేను అడగలేదు, వాడు పంపలేదు.

ఇంకో వారానికి కరీంనగర్ నుంచి కాక ఫోన్ చేశాడు. కొడుకు చెప్పాడట. నాకు భయమైంది, డెబ్బై ఏండ్ల మనిషి, తన తండ్రి గురించి అట్లా చెప్పానని కోపం చేస్తాడేమోనని.

"నాకప్పుడు పన్నెండేండ్లురా," అన్నాడు కాక. "చిన్నాయనను మంచం మీద మోసుకొచ్చింది నేను చూసిన. మరుసటేడే నాయన తుపాకి ఠాణాల జమ చేసిండు, లైసెన్సు మళ్ళ రాయించలే. పందులు చేను తిన్నా డప్పు కొట్టుకుంట కూసుండేది గానీ ఇంకో తుపాకి ముట్టలే. నువ్వు చిన్నగున్నప్పుడు మీ ఇంటికి బియ్యం బస్తా వచ్చేది గుర్తున్నదా?"

గుర్తుంది. నూలు బట్టల లారీలు సిరిసిల్లకూ భివండికీ తిరుగుతుండేవి. ఏటా సంక్రాంతి తర్వాత ఆ లారీ మీద ఒక బస్తా సన్న బియ్యం దిగేది. ఊళ్ళో మా పాలు భూమిదని బాపు చెప్పేవాడు.

"మీ తాతకు భూమి పాలు ఎక్కడిదిరా? నాలుగెకరాలు మా నాయన కొన్నవే. చచ్చేదాక పంపిండు. చిట్టీ రాయలే, చెప్పలే. చిన్నాయన కూడ వద్దనలే."

తాతకు ఆ బస్తా ఎందుకొస్తుందో తెలుసు. పెద్దతాతకు తమ్ముడు పిల్లలకు ఏం చెప్పుకుంటున్నాడో తెలుసో లేదో. ముప్ఫై ఏండ్లు ఒకరు బియ్యం పంపారు, ఒకరు తిన్నారు, ఇద్దరూ ఆ రాత్రి ఊసెత్తలేదు.

ఇంట్లో ఎవరైనా ఇంకెప్పుడైనా తుపాకి కొంటే, ఈ కాగితం చదవనిదే తూటా కొనొద్దని రాసిపెడుతున్నాను. తుపాకి మీద ఏం చెక్కుందో చూడండి. గొట్టంలో పేర్చేదైతే మూతి చదరంగా ఉందో లేదో చూడండి. జంతువుకు తగిన బరువు, విచ్చుకునే గుండు. మీ చెయ్యి ఎంత దూరం నిలకడగా కొట్టగలదో అంతే దూరం. గుండు వెనక ఏముందో చూడనిదే పేల్చొద్దు. ఒక్క సంచిలో రెండు రకాలు ఉంచొద్దు.

బాపమ్మ సూదుల గొట్టం ఇప్పుడు నా భార్య కుట్టు మిషన్ సొరుగులో ఉంది. అందులో ఇప్పటికీ సూదులే ఉన్నాయి.